ఖాకీ, నల్లకోటు, ల్యాబ్: ఇంటర్న్‌షిప్‌లో ఏం తేలుతుంది?

నేర న్యాయ రంగంలో ఇంటర్న్‌షిప్ గురించి కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఈ నెల జవాబులు. రాసినవారి ఊరు తప్ప మిగతా వివరాలు తీసేశాం.

ప్రశ్న: బీఏ రెండో ఏడాది అయిపోవస్తోంది. వేసవి ఇంటర్న్‌షిప్ పోలీస్ స్టేషన్‌లో చేయాలని ఉంది. ఎస్సై కావాలన్నది నా కోరిక. సీనియర్లు మాత్రం ‘అక్కడ జెరాక్సులు తీసి వస్తావు, అంతే’ అంటున్నారు. ఎవరిని అడగాలి? ఎస్సై సెలక్షన్‌లో ఇది ఏమైనా కలిసొస్తుందా?
– డిగ్రీ విద్యార్థిని, ఆదోని

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్తాం: కలిసిరాదు. ఎస్సై నియామకం రాష్ట్ర స్థాయి పోలీస్ నియామక మండలి పెట్టే రాతపరీక్షలు, దేహదారుఢ్య పరీక్షల మీదే నడుస్తుంది. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్‌కు ఒక్క మార్కు కూడా లేదు. గత నోటిఫికేషన్ ప్రకారం మహిళలకు 152.5 సెంటీమీటర్ల ఎత్తు, కనీసం 40 కిలోల బరువు ఉండాలి, 1600 మీటర్లు 10 నిమిషాల 30 సెకన్లలో పరుగెత్తాలి. ఎత్తు చాలకపోతే ఎన్ని సర్టిఫికెట్లున్నా లాభం లేదు. ఈ కొలతలు ఇవాళే చూసుకోండి.

మరి ఇంటర్న్‌షిప్ ఎందుకంటే, కోచింగ్ కోసం రెండేళ్ల కాలం, ఇంట్లోవాళ్ల డబ్బు పెట్టేముందు ఆ ఉద్యోగంలో మామూలు రోజు ఎలా ఉంటుందో కళ్లారా చూడటానికి. మామూలు రోజు అంటే పొద్దున రోల్‌కాల్, ఆ తర్వాత రిసెప్షన్ దగ్గర అర్జీలు పట్టుకుని నిలబడ్డ జనం. పొలం గట్టు తగాదా, మొగుడూ పెళ్లాల గొడవ, పోయిన ఫోన్, చీటీ డబ్బు ఎగ్గొట్టి ఊరు విడిచినవాడు. ఏది నేరం, ఏది సివిల్ కోర్టుకు పోవాల్సిన తగాదా అని అక్కడికక్కడే తేల్చాలి. మధ్యాహ్నం కోర్టు డ్యూటీ, సాయంత్రం బందోబస్తు. దసరా రాత్రి దేవరగట్టు కర్రల సమరం వచ్చిందంటే ఇంట్లో పండగ ఉండదు. ఇవన్నీ చూశాక కూడా మరుసటి రోజు స్టేషన్‌కు పోబుద్ధి అయితే కోచింగ్‌లో చేరండి. ఆ అర్జీల వరుస చూస్తేనే విసుగొస్తే అది కూడా తెలుసుకోవాల్సిన సంగతే. ఇరవై ఏళ్ల వయసులో తెలిస్తే దారి మార్చుకోవడం తేలిక.

అడిగే పద్ధతి ఇదీ. కాలేజీ లెటర్‌హెడ్ మీద ప్రిన్సిపాల్ సంతకంతో జిల్లా ఎస్పీ పేరిట ఉత్తరం, దాని కాపీ మీ సబ్ డివిజన్ డీఎస్పీకి. ఉత్తరంలో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, రోజుకు ఎన్ని గంటలు, ఏం నేర్చుకోదలిచారు, కాలేజీ మెంటర్ ఎవరు, ఆయన ఫోన్ నంబరు ఏమిటి అన్నవి ఉండాలి. ఆధార్ కాపీ, కాలేజీ ఐడీ, రెండు ఫొటోలు జతచేయండి. కనీసం నెల ముందు ఇవ్వండి. ‘ఇంటర్న్‌షిప్‌కు అనుమతించగలరు’ అని ఒక్క వాక్యంతో ముగించిన ఉత్తరాలు ఆఫీసులోనే ఆగిపోతాయి, ఎవరికి అప్పగించాలో, ఎన్నాళ్లో చదివినవారికి అర్థం కాదు గనుక. ఇదికాక కేంద్ర ప్రభుత్వ ‘మై భారత్’ పోర్టల్‌లో స్టూడెంట్ పోలీస్ ఎక్స్‌పీరియెన్షియల్ లెర్నింగ్ అనే కార్యక్రమం ఉంది. 30 రోజుల్లో 120 గంటలు, అంటే రోజుకు నాలుగు గంటలు. మీ ప్రాంతంలో ఖాళీలు తెరిచారేమో అక్కడ చూడండి. మీ డిగ్రీ నిబంధన ప్రకారం ఆ గంటలు చాలతాయా లేదా మెంటర్‌తో ముందే రాయించుకోండి.

లోపలికి వెళ్లాక రెండు జాగ్రత్తలు. వీటిని మేము గట్టిగా చెప్తున్నాం.

మొదటిది: పంచనామా (సోదాలో, స్వాధీనంలో ఏం జరిగిందో మధ్యవర్తుల ఎదుట రాసే కాగితం) మీద సంతకం పెట్టకండి. మధ్యవర్తి దొరకలేదు, నువ్వు చదువుకున్న పిల్లవే కదా, ఇక్కడ ఒక సంతకం పెట్టమ్మా అని ఎవరైనా అడగొచ్చు. పెడితే ఆ కేసులో మీరు సాక్షి అవుతారు. మూడు నాలుగేళ్ల తర్వాత మీరు ఏ ఊళ్లో ఉన్నా సమన్లు వస్తాయి. ఆ రోజు ఏం చూశారు, వస్తువు ఏ రంగు, సీలు ఎవరు వేశారు అని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటి లాయర్ అడుగుతారు. పైగా స్టేషన్‌లో ఇంటర్న్‌గా ఉన్న మనిషి స్వతంత్ర మధ్యవర్తి ఎలా అవుతారని డిఫెన్స్ లాయర్ నిలదీస్తే కేసే బలహీనపడుతుంది.

రెండోది: మీ ఫోన్‌తో వీడియో తీయకండి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం మొత్తాన్ని ఆడియో, వీడియోగా రికార్డు చేయాలి. ఛార్జింగ్ లేకో, కెమెరా బాగాలేకో ‘నీ ఫోన్ ఇవ్వు’ అనే సందర్భం వస్తుంది. ఆ వీడియో కోర్టుకు పోవాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. ఏ పరికరంతో తీశారు, అది ఎవరి చేతిలో ఉంది, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తు) ఎంత అన్నవి అందులో రాయాలి. ఫోన్ మీదైతే ఆ సర్టిఫికెట్ మీ మెడకు చుట్టుకుంటుంది, ఫోన్‌ను కూడా సీజ్ చేయవచ్చు. మర్యాదగా ‘కాలేజీవాళ్లు వద్దన్నారు సార్’ అనండి. ఆ మాట చెల్లాలంటే అది ప్రిన్సిపాల్ ఉత్తరంలోనే ఒక షరతుగా ఉండాలి.

కేస్ డైరీ మీకు చూపించరు, అడగకండి. నిందితులను విచారించే గదిలో మీకు పని లేదు. జెరాక్సుల సంగతి మీ సీనియర్లు చెప్పింది కొంత నిజమే. కానీ జెరాక్సు తీసే ఎఫ్ఐఆర్‌ను చదవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫిర్యాది చెప్పిన మాటలు, ఎఫ్ఐఆర్‌లో పడ్డ మాటలు, పెట్టిన సెక్షన్లు, ఈ మూడూ పోల్చి చూడండి. ఎస్సై ఉద్యోగంలో సగం నైపుణ్యం అక్కడే ఉంది.

ప్రశ్న: మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో మొదటి ఏడాది చదువుతున్నాను. పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) కావాలా, డిఫెన్స్ లాయర్ కావాలా, జడ్జి పరీక్ష రాయాలా అన్నది తేలడం లేదు. ఇంటర్న్‌షిప్ ఏ క్రమంలో చేస్తే తేలుతుంది?
– లా విద్యార్థి, అనంతపురం

జవాబు: బార్ కౌన్సిల్ నిబంధన ప్రకారం మూడేళ్ల కోర్సువారికి మొత్తం 12 వారాలు, ఐదేళ్లవారికి 20 వారాలు ఇంటర్న్‌షిప్ ఉండాలి. ఏ ఏడాదిలోనూ వరుసగా నాలుగు వారాలకు మించకూడదు. ట్రయల్ కోర్టు లాయర్ దగ్గర, అప్పీలు కోర్టు లాయర్ దగ్గర కనీసం ఒక్కొక్కసారైనా చేసి ఉండాలి. కనుక మీకు లెక్క సులువు: ఏడాదికి నాలుగు వారాలు, మూడు చోట్ల.

మొదటి ఏడాది క్రిమినల్ ట్రయల్ చేసే లాయర్ ఆఫీసు. రెండో ఏడాది జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ (లాయర్‌ను పెట్టుకోలేని ముద్దాయిల తరఫున వాదించే లాయర్) దగ్గర. మూడో ఏడాది అమరావతిలో హైకోర్టు లాయర్ దగ్గర, బెయిళ్లు, క్రిమినల్ అప్పీళ్ల మీద. తిరగేసి హైకోర్టుతో మొదలుపెట్టేవాళ్లున్నారు. సాక్షి వాంగ్మూలం ఎలా నమోదవుతుందో చూడకుండా అప్పీలు ఫైలు చదివితే అందులో ఏముందో తలకెక్కదు.

ఎప్పుడు చేయాలన్నదే ఎక్కువమంది తప్పుతున్న చోటు. పరీక్షలయ్యాక మే నెలలో వస్తామంటారు. మే అంటే కోర్టులకు వేసవి సెలవులు. సెషన్స్ ట్రయల్ జరగదు, వెకేషన్ జడ్జి ముందు అత్యవసర బెయిళ్లు తప్ప చూడటానికేమీ ఉండదు. మార్చి, ఏప్రిల్‌లోనో, జూన్ రెండో వారం దాటాకో పెట్టుకోండి.

పనికొచ్చే పద్ధతి ఒకటి చెప్తాం. వంద కేసుల వెంట పరుగెత్తకండి. సాక్షుల విచారణ నడుస్తున్న సెషన్స్ కేసు ఒక్కటి పట్టుకోండి. దాని 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు (ప్రతి కేసుకూ విడిగా ఉండే గుర్తింపు నంబరు) రాసుకుంటే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో ప్రతి వాయిదా ఇంటి నుంచే తెలుస్తుంది. మీ సీనియర్ ఆ కేసులో ఉంటే ఫైలు అడిగి ఎఫ్ఐఆర్, నాగరిక్ సురక్షా సంహిత 180 సెక్షన్ కింద పోలీసులు రాసుకున్న వాంగ్మూలాలు, ఛార్జిషీటు చదివి, ఆ తర్వాత కోర్టు హాల్లో కూర్చోండి. సాక్షి చీఫ్‌లో (తనను పిలిచిన పక్షం లాయర్ అడిగినప్పుడు) ‘వీధి దీపం వెలుగులో గుర్తుపట్టాను’ అన్నాడు. పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో వీధి దీపం మాటే లేదు. డిఫెన్స్ లాయర్ అక్కడ పట్టుకున్నాడు. అప్పుడు మీ చూపు ఎటు పోయిందో గమనించుకోండి. ఆ పట్టు దొరికినందుకు ఒళ్లు పులకరించిందా? దాన్ని రీ-ఎగ్జామినేషన్‌లో పీపీ ఎలా సరిచేస్తారా అని ఆరాటం కలిగిందా? లేక, ఇద్దరి మాటలూ విని జడ్జి స్టెనోకు ఏ మాట చెప్పి రాయిస్తున్నారో దాని మీదే మీ చెవి నిలిచిందా? మూడు వృత్తులూ ఒకే గదిలో, ఒకే నిమిషంలో కనిపిస్తాయి. కెరీర్ కౌన్సెలింగ్ గదిలో దొరకని జవాబు ఇక్కడ దొరుకుతుంది. కోర్టులు బహిరంగంగా నడవాలన్నది చట్టమే, హాల్లో కూర్చోడానికి ఇంటర్న్ అని చెప్పుకోవాల్సిన పని కూడా లేదు. అత్యాచారం వంటి కేసుల్లో మాత్రం విచారణ తలుపులు మూసి జరుగుతుంది.

పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, కేసు నంబరు, ఏ దశలో ఉంది, వాయిదా ఎందుకు పడింది అని నాలుగు గళ్లు. చివరి గడి ముఖ్యం. సాక్షి రాలేదు, ల్యాబ్ రిపోర్టు రాలేదు, ముద్దాయి గైర్హాజరై ఎన్‌బీడబ్ల్యూ (నాన్ బెయిలబుల్ వారెంట్) వేశారు, దర్యాప్తు అధికారి బదిలీపై వెళ్లాడు, లాయర్ సమయం అడిగారు. నాలుగు వారాలయ్యాక ఆ గడి చదివితే న్యాయం ఎక్కడెక్కడ ఆగుతోందో తెలుస్తుంది. అందులో ఏ అడ్డు తొలగించడానికి మీ చేతులు దురదపెడుతున్నాయో, మీ ఉద్యోగం అటువైపుంది.

ఇక నిబంధనలు. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టుకు క్రిమినల్ కోర్టుల్లో మూడేళ్ల ప్రాక్టీసు అడుగుతారు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరని సుప్రీంకోర్టు 2025 మే 20న తీర్పిచ్చింది. అంటే చదువైన మరుసటి నెలే మూడింట్లో ఒకటి తేల్చుకోవాల్సిన తొందర మీకు లేదు. మూడు దారులకూ మొదటి మూడేళ్లు ఒకటే రోడ్డు. ఇప్పుడు తేల్చుకోవాల్సింది ఎవరి ఆఫీసులో జూనియర్‌గా చేరాలన్నది. జూనియర్‌తో చిన్న సాక్షినైనా క్రాస్ చేయించే సీనియర్ ఎవరో ఇంటర్న్‌గా ఉన్నప్పుడే కనిపెట్టండి. పెద్ద పేరున్న ఆఫీసులో వాయిదాలు మాత్రమే అడిగే జూనియర్‌గా మూడేళ్లు గడిస్తే ఏ పరీక్షా నిలబెట్టదు. జీతంతో మొదలుపెట్టాలనుకుంటే అసిస్టెంట్ లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పోస్టులున్నాయి. మూడేళ్లలోపు ప్రాక్టీసున్న కొత్తవారిని తీసుకుంటారు, ప్రైవేటు కేసులు పట్టకూడదు. రిమాండ్ దగ్గర నుంచి తీర్పు దాకా డిఫెన్స్ పని అంతా చేతికొస్తుంది.

ప్రశ్న: రూ. 2,500 కడితే ‘క్రిమినల్ జస్టిస్ ఇంటర్న్‌షిప్’ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో వారంలో ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?
– బీకాం విద్యార్థి, గుంతకల్లు

జవాబు: వద్దు. ఆ డబ్బుకు రెండు నెలలు రోజూ కోర్టుకు బస్సులో వెళ్లి రావచ్చు. ఇంటర్వ్యూలో ‘రిమాండ్ రిపోర్టులో ఏం రాస్తారు’ అని అడిగితే ఆ కాగితం జవాబు చెప్పదు. న్యాయ సేవాధికార సంస్థలు, కోర్టులు, పోలీస్ శాఖ విద్యార్థుల దగ్గర ఇంటర్న్‌షిప్‌కు సొమ్ము అడగవు. ఎవరైనా అడిగితే అక్కడే ఆగండి.

ప్రశ్న: బీఎస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. ఫోరెన్సిక్ అంటే పిచ్చి. క్లూస్ టీమ్‌తో తిరిగే ఇంటర్న్‌షిప్ దొరుకుతుందా? పీజీ ఫోరెన్సిక్‌లోనే చేయాలా?
– విద్యార్థి, కడప

జవాబు: నేరస్థలానికి ఇంటర్న్‌ను తీసుకుపోవడం అరుదు, తీసుకుపోకపోవడమే సరైనది. అక్కడ ఒక మనిషి ఎక్కువైతే ఒక పాదముద్ర ఎక్కువైనట్టే. మీకు దొరికితే దొరికేది ల్యాబ్, లేదా మెడికల్ కాలేజీలో ఫోరెన్సిక్ మెడిసిన్ విభాగం. ఫోరెన్సిక్ పని నిజంగా ఉండేది కూడా అక్కడే.

మన జిల్లాల్లో పురుగుమందు తాగిన కేసులు మీకు తెలియనివి కావు. పోస్టుమార్టంలో విసెరా (ల్యాబ్ పరీక్షకు పంపే లోపలి అవయవాల భాగాలు) తీసేటప్పుడు పొట్ట అందులోని పదార్థంతో సహా, సుమారు 30 సెంటీమీటర్ల చిన్నపేగు, 500 గ్రాముల కాలేయం, ప్రతి మూత్రపిండంలో సగం తీస్తారు. గాజు సీసాలో ఉప్పు ఇక కరగనంతగా కలిపిన నీళ్లలో వేస్తారు. యాసిడ్ తాగారని అనుమానముంటే ఉప్పునీరు వాడరు, రెక్టిఫైడ్ స్పిరిట్ వాడతారు. సీసాను మూడింట రెండు వంతులకు మించి నింపరు, కుళ్లినప్పుడు పుట్టే గ్యాస్‌కు చోటుండాలి. వాడిన ఉప్పునీటిని విడిగా మరో సీసాలో పంపుతారు, విషం అందులోనే ఉందన్న మాట రాకుండా. రక్తమైతే సోడియం ఫ్లోరైడ్ కలుపుతారు. రక్తపు మరకల బట్టలను నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెడతారు. ప్లాస్టిక్ కవర్లో తడి నిలిచి బూజుపడితే డీఎన్‌ఏ చెడిపోతుంది.

ఇంత జాగ్రత్త పడ్డాక కూడా కేసు దెబ్బతినేది చాలాసార్లు చిన్నచోటే. సీసా మీది సీలు ముద్ర, ఉత్తరం మీద పంపిన నమూనా సీలుతో సరిపోలలేదు. లేదా లేబుల్ మీద క్రైమ్ నంబరు తప్పు. ల్యాబ్ తిప్పి పంపుతుంది, నెలలు గడుస్తాయి. ఇంటర్న్‌గా మిమ్మల్ని రిసీవింగ్ కౌంటర్ దగ్గర కూర్చోబెడితే నిరుత్సాహపడకండి. రెండు వారాలు అక్కడ కూర్చుని, సీళ్లు, లేబుళ్లు, రిజిస్టర్ ఎంట్రీలు సరిచూడటంలో ఓపిక తగ్గకపోతే ఈ వృత్తి మీకు పడుతుంది. రోజంతా ఒకే పరీక్షను ఒకే పద్ధతిలో పదిసార్లు చేయడం, ఏడాదికి కొన్నిసార్లు కోర్టుకెళ్లి దాన్ని వివరించడం, ఇదే ఆ ఉద్యోగం.

పీజీ సంగతి: టాక్సికాలజీ (విషాల పరీక్ష) వైపు మనసుంటే ఎమ్మెస్సీ కెమిస్ట్రీయే మంచిదని మా అభిప్రాయం. ఫోరెన్సిక్ పోస్టు రాకపోయినా ఫార్మా, ఆహార పరీక్షల ల్యాబ్‌లు, అధ్యాపక ఉద్యోగాలు తెరిచి ఉంటాయి. నేరస్థల పరిశోధన మొత్తం మీద ఇష్టముంటే గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష రాయండి. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్లాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షన్ చెప్తోంది, రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చింది. మనుషుల అవసరం పెరుగుతుంది. నోటిఫికేషన్ ఎప్పుడన్నది మాత్రం ప్రభుత్వం చేతిలో పని.

ప్రశ్న: మా పాప ఎంఎస్‌డబ్ల్యూ చదువుతోంది. బాల నేరస్థుల బోర్డులోనో, సఖి సెంటర్‌లోనో (హింసకు గురైన మహిళలకు సాయం చేసే కేంద్రం) ఇంటర్న్‌షిప్ చేస్తానంటోంది. అలాంటి కేసులు వింటే పిల్ల మనసు చెడిపోతుందని వాళ్లమ్మ భయం. పంపమంటారా?
– ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: పంపండి. మీ ఇంటామె భయం లేనిపోనిదేమీ కాదు, అందుకే కొన్ని షరతులతో పంపండి.

ముందుగా ఒక మాట. ఆ పిల్లలను చట్టం ‘నేరస్థులు’ అనదు, ‘చట్టంతో ఘర్షణ పడిన బాలలు’ అంటుంది. మీరన్న బోర్డును జువెనైల్ జస్టిస్ బోర్డు అంటారు. ఒక మెజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వారిలో కనీసం ఒక మహిళ ఉంటారు. అక్కడ మీ అమ్మాయికి దొరికే మంచి పని సామాజిక దర్యాప్తు నివేదిక. పిల్లవాడి ఇల్లు, బడి ఎప్పుడు మానేశాడు, ఎవరితో తిరిగాడు, ఇంట్లో తాగుడు ఉందా, ఏ పనికి పోతున్నాడు అన్నవి ప్రొబేషన్ అధికారి రెండు వారాల్లో బోర్డుకు ఇవ్వాలి. ఆయన వెంట ఇళ్లకు వెళ్లి అడగటం, వినటం, రాయటం నేర్చుకుంటుంది. మొదటి నివేదికల్లో అందరూ చేసే తప్పు ‘కుటుంబ పరిస్థితి బాగాలేదు’ అని రాసేయడం. తండ్రి ఏ పని చేస్తాడు, నెలలో ఎన్ని రోజులు పని దొరుకుతుంది, అప్పు ఎంత అని రాస్తే బోర్డు ఒక నిర్ణయానికి రాగలుగుతుంది.

షరతులు చెప్తాం. ఒంటరిగా ఇళ్లకు పంపరని కాలేజీ రాయించుకోవాలి. వారానికి ఒకసారైనా సూపర్‌వైజర్‌తో కూర్చుని విన్నవాటి గురించి మాట్లాడే గంట ఉండాలి. నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం, విన్నదే కళ్లముందు తిరగడం వారం దాటి ఉంటే దాచుకోకుండా మెంటర్‌కు చెప్పాలి, కొన్ని రోజులు ఆపాలి. మీరు ఇంట్లో ‘ఇవాళ ఏ కేసు వచ్చింది’ అని అడగకండి. ‘ఇవాళ నువ్వెలా ఉన్నావు’ అని అడగండి. కేసు వివరాలు ఇంట్లో కూడా చెప్పకూడదు. పిల్లల గుర్తింపు బయటపెడితే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల జైలు, లేదా రెండు లక్షల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పోక్సో చట్టంలోనూ ఇలాంటి నిషేధమే ఉంది. సెంటర్ ముందు సెల్ఫీ తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టడం వల్ల కూడా వెనక నిలబడ్డ పిల్ల ఎవరో తెలిసిపోతుంది. జరిగింది మళ్లీ చెప్పమని పిల్లలను అడగడం, ‘నీకేం కాదు, నేనున్నా’ అని మాటివ్వడం, సొంత ఫోన్ నంబరు ఇవ్వడం కూడా పనికిరావు.

ఉద్యోగం గురించి ఉన్నదున్నట్టు: కేంద్ర బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద జిల్లా బాలల సంరక్షణ యూనిట్లలో కౌన్సెలర్, సోషల్ వర్కర్ పోస్టులు ఎక్కువగా కాంట్రాక్టువే. శాశ్వత ఉద్యోగం కావాలంటే ఏపీపీఎస్సీ ద్వారా మహిళా శిశు సంక్షేమ శాఖలో సీడీపీఓ (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి) వంటి పోస్టులకు చదవాలి. అప్పుడు కూడా ఈ ఇళ్ల చుట్టూ తిరిగిన అనుభవం ఉద్యోగంలో అక్కరకొస్తుంది.

ప్రశ్న: ఊళ్లో గొడవలో నా మీద కేసు పెట్టారు, చేత్తో కొట్టానని. రాజీ అవుదామంటున్నారు. పోలీస్ ఉద్యోగం నా లక్ష్యం. కేసు సంగతి చెప్పకుండా ఇంటర్న్‌షిప్‌కు అప్లై చేయొచ్చా?
– డిగ్రీ విద్యార్థి, పత్తికొండ

జవాబు: చెప్పకుండా వద్దు. కేసు ఉండటం కంటే దాచడం ఎక్కువ నష్టం. ఉద్యోగానికి ఎంపికయ్యాక నింపే అటెస్టేషన్ ఫారంలో పెండింగ్ కేసులు, అరెస్టులు, కొట్టేసిన కేసులు అన్నీ అడుగుతారు. అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2016లో చెప్పినదాని ప్రకారం, అడిగిన సమాచారం నిజంగా ఇవ్వాలి. దాస్తే నియామకం రద్దు చేయవచ్చు. చిన్న కేసును నిజాయితీగా చెప్తే దాని తీవ్రత చూసి అధికారి నిర్ణయం తీసుకునే వీలుంది.

భారతీయ న్యాయ సంహిత 115(2) కింద, అంటే పాత ఐపీసీ 323వ సెక్షన్ కిందిదైతే, దెబ్బ తిన్న వ్యక్తి రాజీపడవచ్చు. లోక్ అదాలత్‌లోనూ ముగించుకోవచ్చు. రాజీ నమోదైతే చట్టం దృష్టిలో మీరు నిర్దోషిగా విడుదలైనట్టే. అయినా పోలీస్ నియామకంలో, విచారణ జరిగి నిర్దోషిగా తేలినదానితో సమానంగా దాన్ని చూడకపోవచ్చు. కనుక రాజీకి ముందు మీ లాయర్‌తో ఈ ఉద్యోగం మాట స్పష్టంగా చెప్పండి. ఛార్జిషీటులో ఇంకే సెక్షన్లున్నాయో చూడమనండి, ఒక్క సెక్షన్ రాజీకి వీలులేనిదైతే లెక్క మారిపోతుంది. కేసు ముగిశాక తీర్పు సర్టిఫైడ్ కాపీ రెండు తీసుకుని దాచుకోండి. ఏళ్ల తర్వాత వెరిఫికేషన్‌కు ఆ కాగితమే అడుగుతారు. ఇంటర్న్‌షిప్‌కైతే కేసు నడుస్తున్న స్టేషన్‌ను, అవతలివాళ్ల లాయర్ ఆఫీసును వదిలేసి వేరేచోట అడగండి. దరఖాస్తులోనే క్రైమ్ నంబరు, కేసు ఏ దశలో ఉందో రెండు వాక్యాల్లో రాయండి.